ఉన్న అన్నాను, లేను

ఆ ఆదివారం ఉదయం సిరిసిల్లలో, ప్యారలల్ బార్స్ మీద తలకిందులుగా లేవబోతూ నా మేనల్లుడు "మామా, ఉన్నవా?" అని అడిగాడు. "ఉన్న" అన్నాను. నేను లేను. వాడికి మూరెడు దూరంలోనే బల్ల మీద నిలబడి ఉన్నాను గానీ, వాడి భుజం దగ్గర ఒకటి, తొడ వెనుక ఒకటి ఉండాల్సిన నా చేతులు రెండూ ఫోన్ పట్టుకొని ఉన్నాయి. వాడు పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది.

నేను చేసిన తప్పు ఇది. దీనికి ముందూ వెనకా నేను చెప్పబోయేవి వివరాలే గానీ సాకులు కావు. సాకులు ఆ రోజే చాలా చెప్పాను.

మా అక్కది కోరుట్ల. బావ మస్కట్‌లో ఒక పెద్ద దుకాణపు గోదాములో పనిచేస్తాడు. నేను జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతాను. బావ మొదటిసారి విమానం ఎక్కిననాటికి మేనల్లుడు ఇంకా బడికి పోని పిల్లవాడు. వాణ్ని జర చూస్తుండమని బావ నాకు చెప్పాడు. "నేనున్న గద బావా" అన్నాను. అప్పటినుంచి వాడి ఫీజులూ జ్వరాలూ స్కూలు మీటింగులూ నావే. ఆ పనులు చేయడం నాకు ఇష్టంగానే ఉండేది. చేస్తున్నానని నలుగురూ అనుకోవడం ఇంకా ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

వాడు బళ్లో పీఈటీ సార్ దగ్గర చేతుల మీద నడవడం నేర్చుకున్నాడు. ఇంట్లో హాలునుంచి వంటింటిదాకా చేతుల మీదే వెళ్లి, అక్క చేత తిట్లు తిని, మళ్లీ చేతుల మీదే వెనక్కి వచ్చేవాడు. ఒక పోటీలో ప్యారలల్ బార్స్ చూశాక వాడికి ఇంకేదీ పట్టలేదు. పక్కపక్కన రెండు కర్రలు, వాటి మీద ఒక మనిషి ఊగుతాడు, కూర్చుంటాడు, తలకిందులుగా నిలబడతాడు, దిగుతాడు. అంతే. నా చదువు రోజుల్లో జగిత్యాల గ్రౌండులో రెండు ఇనుప గొట్టాలు ఉండేవి. వాటి మీద ఊగడం వరకు నేనూ చేశాను. తలకిందులయ్యే ధైర్యం మాత్రం ఎన్నడూ రాలేదు. వాడు నేర్చుకుంటానంటే నా కాళ్లే పైకి లేచినట్టు సంబరపడ్డాను.

సిరిసిల్లలో ఒక కోచ్ ఉన్నాడని తెలిసింది. ఒకప్పుడు రాష్ట్రస్థాయిలో ఆడినవాడు. భుజం పాడయ్యాక టెంట్ హౌస్ పెట్టుకున్నాడు. సాంచెలు, అంటే మరమగ్గాలు, అమ్మేసిన ఒక పాత షెడ్డు కిరాయికి తీసుకుని, అందులో బార్లు బిగించి, ఆదివారాలు పిల్లలకు నేర్పుతాడు. నేల మీద సాంచెలు ఊడదీసిన బోల్టుల గుంతలు ఇంకా ఉన్నాయి. బార్ల కింద వేసే పరుపులు పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చే పరుపులే. ముహూర్తాలు ఉన్న వారాల్లో పరుపులు తక్కువపడతాయి, తిరిగివచ్చిన పరుపులు మల్లెపూలూ బగారా అన్నమూ కలిసిన వాసన వేస్తాయి. పక్క షెడ్డులో సాంచెలు ఇంకా నడుస్తున్నాయి. ఆ టకటకల్లో ఏం చెప్పాలన్నా గొంతు పెంచాలి.

ఆదివారం తెల్లవారుతుండగా జగిత్యాలలో బయలుదేరి, మేడిపల్లి మీదుగా కోరుట్ల చేరేసరికి వాడు గల్లీ మొదట్లో సంచి తగిలించుకుని నిలబడి ఉండేవాడు. అక్కడినుంచి చందుర్తి మీదుగా సిరిసిల్ల. చందుర్తిలో నేను చాయ్ తాగుతాను, వాడు అరటిపండు తింటాడు. దారి పొడవునా వాడికి నా పొట్టే కాలక్షేపం. సీటు బెల్టు పెట్టుకుంటుంటే, "ఆగు మామా, జర ఊపిరి బిగపట్టు, అందుతది" అనేవాడు.

నేర్చుకోవడం చాలా మెల్లగా సాగింది. చాలా వారాలపాటు కోచ్ వాణ్ని మోచేతులు వంచకుండా, కాళ్లు నేలకు ఆనకుండా బార్ల మధ్య ఊరికే నిలబెట్టాడు. తర్వాత ఊగడం. ఊపు కాళ్లలోంచి కాదు, భుజాల్లోంచి పుట్టాలని ప్రతి వారం అదే మాట. తర్వాత కాళ్లు రెండు బార్ల మీదికి పరిచి కూర్చోవడం, కాళ్లు ముందుకు చాచి గాలిలో ఆగడం, భుజాల మీద తలకిందులవడం. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. అక్క రాత్రిపూట వాటికి కొబ్బరినూనె రాస్తూ, చదువుకొమ్మంటే చేతులు కాయలు కాయించుకుంటున్నడని నన్నే తిట్టేది. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చినప్పుడే దాన్ని రొటీన్ అంటారు. వాడి రొటీన్‌లో మిగిలింది ఒక్కటే: ఊపులోంచి చేతుల మీద నిటారుగా లేచి నిలబడే హ్యాండ్‌స్టాండ్. జిల్లా జట్టు ఎంపికలు దగ్గరపడుతున్నాయి. అది కుదిరితే వాడికి చోటు ఉంటుందని కోచ్ చెప్పాడు.

ఇక్కడ కోచ్ పెట్టిన ఒక పద్ధతి గురించి చెప్పాలి. బార్ల మీద తలకిందులైన మనిషికి పక్కన ఎవరున్నారో కనిపించదు. కనిపించేవి రెండు కర్రలు, వాటి మధ్య పరుపు. మొదట్లో పట్టుకునే మనిషి చేతులు ఒంటికి ఆనించే ఉంచుతాడు. కాస్త పట్టు దొరికాక ఆ చేతులు తాకీ తాకనంత దూరంలో వెంట తిరుగుతుంటాయి, పడబోతేనే పట్టుకుంటాయి. అవి ఉన్నాయో లేవో పైనున్నవాడి ఒంటికి తెలిసే వీలు లేదు. అందుకని లేచేముందు వాడు "ఉన్నవా?" అని అడగాలి. పట్టుకునేవాడు చేతులు పెట్టాకే "ఉన్న" అనాలి. తీసేముందు "లేను" అనాలి. సాంచెల చప్పుడు మీద వినబడేలా అనాలి. ఆ షెడ్డులో పిల్లలు ఎన్ని కొంటెమాటలాడినా ఈ రెండు మాటలతో మాత్రం ఎవరూ ఆడుకోరు. వారాల తరబడి చూసి, నా చేతులు కుదిరాయని కోచ్ నన్ను కూడా పట్టుకోనిచ్చాడు. చదువు చెప్పేవాణ్ని కదా, మాట మీద నిలబడతానని అనుకుని ఉంటాడు.

ఆ ఆదివారం కోచ్‌కు పెళ్లి గిరాకీ ఉంది. సగం పరుపులు అప్పటికే ఆటోలో వెళ్లిపోయాయి. సామాను దింపించి వస్తానని, తాను వచ్చేదాకా ఊగడం తప్ప ఇంకేమీ చేయవద్దని, హ్యాండ్‌స్టాండ్ అసలే వద్దని చెప్పి వెళ్లాడు. మిగతా పిల్లలు ఇంకా రాలేదు. అప్పుడు బావ ఫోన్ వచ్చింది. అక్కడ చాయ్ తాగే విరామం. వీడియోలో వెనక డబ్బాలు పేర్చిన అరలు కనిపిస్తున్నాయి. కొడుకు తలకిందులుగా నిలబడతాడని అక్క చెప్పగా విన్నాడే తప్ప ఎన్నడూ చూడలేదు. ఒక్కసారి చూపించమన్నాడు.

మేనల్లుడు తటపటాయించాడు. సార్ వద్దన్నాడు కదా అన్నాడు. నేనే, "మీ నాయినకు గింతసేపే టైం ఉన్నది అల్లుడా. ఒక్కసారి లెవ్వు, నేనున్న గద" అన్నాను. వాడు అరచేతులకు తెల్ల పౌడర్ రుద్దుకుని ఎక్కాడు. నేను ఒక చేత్తో ఫోన్ పట్టుకుని బల్ల ఎక్కాను. వాడు ఊగడం మొదలుపెట్టాడు. ఫోన్‌లో బొమ్మ ఊగుతోంది, కాళ్లు తెగిపోతున్నాయి, బావ "కనవడ్తలేదు బామ్మర్ది, జర సక్కగ పట్టు" అంటున్నాడు. రెండో చేయి కూడా ఫోన్ మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే వాడు అడిగాడు.

"లేను" అనడానికి కూడా అంతే సమయం పట్టేది. ఈ సంగతి మీద చాలాసార్లు ఆలోచించాను. నేను అబద్ధం ఆడాలని ఆడలేదు. వాడికి అవసరం పడదనుకున్నాను. అంతకు ముందు వారం పడలేదు మరి. కానీ అవసరం పడుతుందో లేదో తేల్చే హక్కు నాది కాదు. వాడు అడిగింది నువ్వు అవసరమా అని కాదు, ఉన్నావా అని.

కాళ్లు నిటారుగా లేచాయి. ఒక క్షణం నిలిచాయి. తర్వాత నా వైపు వాలాయి. పట్టుకునే చేతులున్న వైపు వాలడం వాడికి నేర్పిందే. మోచేయి మడతపడి, భుజం బార్‌కు కొట్టుకుని, పలచగా పరిచిన పరుపు దాటి చేయి నేలకు ఊనాడు. ఆ చప్పుడు సాంచెల మధ్య కూడా వినిపించింది. వాడు అరవలేదు. కింద పడుకుని పైకి చూశాడు. నేను బల్ల మీద ఉన్నాను, ఫోన్ ఇంకా రెండు చేతుల్లోనే ఉంది, ఇంకా వాడివైపే తిప్పి ఉంది.

అక్కడితో నేను ఆగి ఉంటే తప్పు ఒక్కటే అయ్యేది. బావకు "ఏం గాలే బావా, చెయ్యి జారిండు" అని ఫోన్ పెట్టేశాను. ఆసుపత్రికి పరుగెత్తి వచ్చిన కోచ్ ఎట్లయిందని అడిగితే, నేను స్వింగులే చేయమన్నాననీ, వాడే ఉత్సాహపడి లేచాడనీ, పౌడర్ సరిగా రుద్దుకోలేదనీ చెప్పాను. మేనల్లుడు పక్కనే ఉన్నాడు. చేతికి పట్టీ వేస్తున్నారు. వాడు నావైపు చూసి, తర్వాత గోడవైపు తిరిగాడు. తిరుగు దారిలో చందుర్తి దగ్గర కారు ఆపితే దిగలేదు. సీటు బెల్టు పెట్టుకుంటుంటే నా పొట్ట గురించి కూడా ఏమీ అనలేదు.

కోరుట్లలో అక్క ఆ పట్టీ చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. కాసేపటికి తేరుకుని, నా చేయి పట్టుకుని, "పోనీ తమ్మీ, నువ్వు పక్కకుండవట్టి గింతతోని పోయింది" అంది. నేను ఆ మాటను కాదనలేదు. ఆమె పెట్టిన అన్నం తిని జగిత్యాల వచ్చాను.

ఎంపికలు వాడు లేకుండానే జరిగిపోయాయి. పట్టీ విప్పారు, చేయి బాగానే అతికింది, మెల్లమెల్లగా బరువు వేయవచ్చని డాక్టర్ చెప్పాడు. అయినా వాడు సిరిసిల్ల మాట ఎత్తలేదు. ఇంటర్ పరీక్షలున్నాయన్నాడు. అక్క సంతోషించింది. ఒక సాయంత్రం వాళ్ల మేడ మీద, సరే అల్లుడా, భయం వేయడం సహజమే, మెల్లగా పోతుంది అని నేను పాఠం మొదలుపెట్టాను. వాడు నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"బార్లంటె భయం లేదు మామా" అన్నాడు. "నువ్వు లేను అంటే నేను స్వింగులే కొట్టి దిగుదును. నాయినకు గవే జూపెడ్దును. ఉన్న అన్నవ్ గద."

కోపంగా అనలేదు. లెక్క తప్పు చూపించినట్టు అన్నాడు. పక్కింటి డాబా మీద ఎవరో బట్టలు తీస్తున్నారు. నేను కిందికి దిగి, అక్కకు చెప్పకుండానే వెళ్లిపోయాను. కారులో చాలాసేపు కూర్చున్నాను. వాడికి మళ్లీ బార్లు దక్కాలంటే ముందు నా మాట నిజమవ్వాలి. అది వాడిముందు సారీ అంటే అయ్యే పని కాదు. నేను అబద్ధం ఎక్కడెక్కడ పెట్టానో అక్కడికల్లా వెళ్లి తీయాలి.

ఆ ఆదివారం ఒక్కణ్నే సిరిసిల్ల వెళ్లాను. కోచ్ ఒక పెద్ద జంపఖానా మడత పెడుతున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన మడత ఆపకుండా విని, చివరికి దాని మీద కూర్చున్నాడు. ఆయన కళ్లలోకి చూడటం కష్టమైంది. పౌడర్ రుద్దుకోకపోతే ఏమవుతుందో, చెప్పిన మాట వినకపోతే ఏమవుతుందో మేనల్లుడి పేరు పెట్టి పిల్లలందరికీ చెబుతున్నాడట ఇన్ని వారాలుగా.

"నాకు చెప్పుడు గాదు సార్" అన్నాడు. "వాళ్లకు నేను తప్పు చెప్పిన. మీరే సరిచెయ్యున్రి."

ఏళ్లుగా పిల్లల ముందు నిలబడటమే నా ఉద్యోగం. ఆ షెడ్డులో నిలబడ్డట్టు ఎన్నడూ నిలబడలేదు. సాంచెల చప్పుడు వల్ల గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "నేను చేతులు పెట్టకుండ ఉన్న అన్న" అని అరిచి చెప్పాను. పిల్లలెవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం, "మరి ఇప్పుడు మిమ్మల్ని పట్టుకోనిస్తడా సార్?" అని అడిగాడు. తెలియదన్నాను.

బావకు వీడియో కాకుండా మామూలు ఫోన్ చేశాను. ముఖం చూపించే ధైర్యం లేక. అంతా చెప్పాను.

"నాకెరుకే బామ్మర్ది" అన్నాడు. "ముందుగాల బొమ్మ ఊగుడు ఊగింది. నేను సక్కగ పట్టుమన్నంక కదలకుంట నిలవడ్డది. ఒక్క చేతితోని అట్ల నిలవడదు. గప్పుడే మొత్తుకుందునా అనుకున్న. నోరు రాలే. పట్టుమన్నది నేనే గద."

ఇన్నాళ్లూ ఆ తప్పు తనదేనని మోస్తున్నాడు. నేను వెంటనే చెప్పి ఉంటే కనీసం అందులో నా వంతు నేను తీసుకునేవాణ్ని. ఆ మాటే అన్నాను. ఇప్పుడు తీసుకో అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

అక్కకు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజు నన్ను తిని పొమ్మనలేదు. అది ఆమెకు చెల్లే శిక్షే. తర్వాత చాలా రోజులు ఫోన్‌లో పొడిపొడిగానే మాట్లాడింది. ఆ తర్వాత మళ్లీ తమ్మీ అంది గానీ, ఏదైనా అప్పజెప్పేటప్పుడు ఇప్పటికీ ఒకసారి ఆగి నావైపు చూస్తుంది.

మేనల్లుడికి ఇవన్నీ ఇంట్లో తెలిశాయి. నేను వాణ్ని బార్లు ఎక్కమని అడగలేదు. నన్ను పట్టుకోవడానికి రమ్మన్నాను.

"నువ్వెక్కుతవా?" అన్నాడు. "బార్లు వంగుతయి మామా. కోచ్ సార్ పైసలడుగుతడు." చాలా వారాల తర్వాత వాడి నోట నా బరువు మాట విన్నాను.

నాలుగైదు ఆదివారాలు వాడు రాలేదు. నేను ఆ కోరుట్ల దారినే ఒక్కణ్నే వెళ్లి, పిల్లల పక్కన వరుసలో నిలబడి, మోచేతులు వంచకుండా బార్ల మధ్య ఆగడం దగ్గర మొదలుపెట్టాను. చేతులు వణికేవి. అరచేతులు బొబ్బలెక్కాయి. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క గుచ్చుకునేది. కాళ్లు పరిచి కూర్చోవడం అతికష్టం మీద వచ్చింది. ఒక ఆదివారం వాడు కోరుట్ల గల్లీ మొదట్లో నిలబడి కనిపించాడు. సంచి లేదు. ఊరికే చూడటానికి వస్తున్నానన్నాడు.

ఆ రోజు కోచ్ నాకు భుజాల మీద తలకిందులవడం నేర్పుతానన్నాడు. ఒక వైపు ఆయన, ఇంకో వైపు మేనల్లుడు. కాళ్లు పరిచి కూర్చుని, ముందుకు వంగి, భుజాలు బార్లకు ఆనించాను. ఇక నడుం ఎత్తాలి. ముఖం కిందికి ఉంది. పరుపు తప్ప ఏమీ కనిపించడం లేదు. రక్తమంతా తలలోకి వచ్చినట్టుంది. నా వయసూ బరువూ ఉద్యోగమూ అన్నీ ఆ రెండు కర్రల మధ్య వేలాడుతున్నాయి. అప్పుడు నాకు ఆ ప్రశ్న అడగాలనిపించింది. పద్ధతి కాబట్టి కాదు, అడగకుండా ఉండలేక.

"అల్లుడా, ఉన్నవా?"

జవాబు వెంటనే రాలేదు. సాంచెలు ఆడుతూనే ఉన్నాయి. వాడు వెళ్లిపోయాడేమో అనుకున్నాను. వెళ్లిపోతే తప్పేముంది అని కూడా అనుకున్నాను. తర్వాత నా వీపు మీద ఒక అరచేయి ఆనింది. గట్టిది, కాయలు కాసినది.

"ఉన్న" అన్నాడు.

నడుం లేచింది. కాళ్లు ఎటో పోయాయి, ఇద్దరూ కలిసి వాటిని పైకి తెచ్చారు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. దింపేముందు వాడు నా చెవికి దగ్గరగా వంగి, "ఇగ తీస్తున్న మామా. లేను" అని చెప్పి, అప్పుడు చేయి తీశాడు. కోచ్ ఆపాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే బస్తాలా పడేవాణ్ని. పిల్లలు ఈసారి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, పరుపు మీద కూర్చున్నాక కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. వాడు అది చూసి నీళ్ల సీసా తేవడానికి అటు వెళ్లాడు.

తర్వాతి వారం సంచితో వచ్చాడు. కోచ్ చేతుల్లోనే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నేను పిలవలేదు, దగ్గరికి వెళ్లలేదు. పరుపులు మోశాను, పౌడర్ డబ్బా అందించాను. ఫోన్ కారులోనే వదిలి తాళం వేయడం అలవాటైంది. బావ విరామంలో ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. పని అయ్యాక చేస్తామని ఆయనకూ తెలుసు.

మొన్న ఆదివారం కోచ్ ఇంకో పిల్లవాడి దగ్గర ఉన్నాడు. మేనల్లుడు బార్లు ఎక్కి, కాసేపు ఊగి, ఆగి, చుట్టూ చూశాడు. "మామా, బల్ల తెచ్చుకో" అన్నాడు. తెచ్చుకుని ఎక్కాను. కోచ్ దూరంనుంచే చూసి, కానివ్వమన్నట్టు తలూపాడు. వాడు ఊగడం మొదలుపెట్టాడు. ఊపు పెరిగింది. భుజాల్లోంచే వస్తోంది.

"ఉన్నవా?"

ఒక చేయి వాడి భుజం దగ్గర, ఒకటి తొడ వెనుక. ముందు వాటిని నా కళ్లతో చూసుకున్నాను. తర్వాత చెప్పాను.